మీ పక్షం చెప్పండి

ఫోను బియ్యం డబ్బాలో మోగుతోంది. డబ్బా మూత మీద తల్లి ఎల్లవ్వ కూర్చుని ఉంది.

కూర్చోవడమంటే అలా ఇలా కాదు. కొంగు నడుముకు దోపి, కాళ్లు రెండూ ఎడంగా నేలకు తన్నిపెట్టి, లేపేవాళ్లెవరో రండి చూస్తానన్నట్టు కూర్చుంది. మోగినప్పుడల్లా లోపల బియ్యం గరగరమంటున్నాయి. ఆ చప్పుడు పక్కింట్లోదన్నట్టు ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"లే అవ్వా. ఫోను తియ్యనియ్యి," అంది కూతురు విజయశ్రీ.

"తియ్య. పొద్దుగాల సంది ఒకటే మోగుడు. ఆ పేపరాయనంట, ఈ పేపరాయనంట. నా కొడుకు ఎవల ఇల్లన్న దోచిండా?"

"ఎత్తకపోతే ఎత్తలేదని రాస్తరు."

"రాసుకోనీ. ఎత్తకుంటే పానం పోతదా?"

పోతుంది. ఆ సంగతి విజయశ్రీకి తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "సంప్రదించినా స్పందించలేదు" అనే ఒక్క ముక్క వార్త చివర పడిందంటే, పైన ఏం రాశారో ఎవరూ పట్టించుకోరు. ఫోను ఎత్తలేదంటే చేసినట్టే అని టీ బండి దగ్గర తీర్పు చెప్పేస్తారు. హిందీ పేపర్లో ఆటల విలేకరిగా పనిచేస్తూ ఆ ముక్కను తను ఎంతమంది పేర్ల కింద పెట్టిందో ఆమెకే గుర్తులేదు. పెట్టిన రోజు హాయిగా నిద్రపోయేది కూడా.

మోగడం ఆగింది. ఆగగానే తెర వెనక నుంచి మహేశ్ గొంతు వచ్చింది.

"ఎవరిదక్కా?"

"నీ ఫోను నీ తల్లి కింద ఉంది. నన్నడుగుతవేంది?"

తెర అంటే పాత చీర. పొట్టకూటికి వలస వచ్చిన ఈ ఊళ్లో, పర్వత్ పాటియాలో వాళ్లకున్నది ఒక గది, ఒక వంటిల్లు. మహేశ్‌ను క్రికెట్ జట్టు హోటల్ నుంచి పంపించేసిన రోజున గదికి అడ్డంగా ఎల్లవ్వ ఆ చీర కట్టింది. కొడుక్కి కరోనా పాజిటివ్ అని చెప్పారు, కానీ తుమ్ము కూడా రాలేదు. క్వారంటైన్ నిన్ననే అయిపోయింది. వాడు మాత్రం చీర వెనక నుంచి బయటికి రావడం లేదు.

గడప మీద తండ్రి సోమలింగం కూర్చుని ఉన్నాడు. మరమగ్గాల సాంచెల షెడ్డు నుంచి వచ్చి స్నానం కూడా చెయ్యలేదు. చొక్కా మీద దారపు పోగులు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఇంత రభస జరుగుతుంటే ఆయన వీధిలో పోయే టెంపోలను చూస్తున్నాడు. మాట్లాడితే దగ్గు వస్తుందని ఈ మధ్య మాట్లాడడం తగ్గించాడు. దగ్గితే ఇంట్లో అందరూ తల తిప్పి చూస్తారు, అది ఆయనకు మరీ కష్టంగా ఉంది.

"మద్దాన్నం ఊర్మిళ ఫోను చేసింది నాకు," అంది విజయశ్రీ. "రేపు వాళ్ల పేపర్ల వస్తది. మహేశ్ హోటల్ దాటి బయటికి పోయిండని. వాని పక్షం అడుగుతున్నది."

ఎల్లవ్వ కళ్లు చిట్లించింది. "పక్షమా?"

"ఆ, పక్షం."

"పక్షాలంటే సచ్చినోళ్లకు బియ్యమిచ్చుడు గదనే. బతికున్న పోరనికి పక్షమడుగుతదా అది? నోట్లె మన్నువడ."

"గది కాదవ్వా. పేపర్ల పక్షమంటే, ఆయన దిక్కు నుంచి ఆయన ఏమంటడో గది."

పత్రికల వాళ్లకొక మర్యాద ఉంది. మనిషి పరువు తీసే ముందు ఫోన్ చేసి, మీరేమంటారని అడుగుతారు. అడిగి, చెప్పింది రాసుకుని, అప్పుడు తీస్తారు. హిందీ పేపర్లలో దానికి ప్రత్యేకంగా ఒక పెట్టె కూడా ఉంటుంది. వార్త కింద నల్ల గీతల మధ్య, "ఇన్‌కా పక్ష్" అని. వీరి పక్షం. నాలుగు లైన్లు మించదు. ఆ నాలుగు లైన్లలో మనిషి తన బతుకంతా చెప్పుకోవాలి.

మధ్యాహ్నం ఊర్మిళ గొంతు ఎప్పటిలాగే ఉంది. "విజ్జూ, నీ ఇంటి మీద వార్త వేస్తూ నీకు చెప్పకుండా వేస్తే రేపు నీ పక్కన ఎలా కూర్చోను? చీకటి పడే దాకా పేజీ ఆపిస్తాను. వాడి పక్షం ఇప్పించు," అంది హిందీలో. ఎవరు చెప్పారని విజయశ్రీ అడగలేదు. ఒక విలేకరిని ఇంకో విలేకరి అది అడగకూడదు. ఫోను పెట్టే ముందు ఊర్మిళ కాస్త ఆగింది. "నువ్వు నాకేమైనా చెప్పాలా?" అంది.

"లేదు," అంది విజయశ్రీ.



"ఊర్మిళనా?" ఎల్లవ్వ మొహం కొంచెం వెలిగింది. "మన ఊర్మిళనే గద. మరేంది పరేషాన్. నా చేతి సర్వపిండి ఎన్నిసార్లు తినిపోయింది ఆ పిల్ల. నేను మాట్లాడ్త, ఫోను కలుపు. రాయకు బిడ్డా అంట. రాయదు."

"అట్ల అడగొద్దవ్వా."

"ఎందుకడగొద్దు?"

"అడగరు. మా దాంట్ల అడగరు. నన్నెవరన్న అడిగితే నేను ఊకుంటనా?"

ఊరుకోలేదు కూడా. నిరుడు ఒక కోచ్ భార్య ఫోన్ చేసి ఏడ్చింది, పిల్లల చదువులున్నాయి, వార్త ఆపమ్మా అని. విజయశ్రీ ఆ ఏడుపు అయిపోయే దాకా ఆగి, "మీ వారి పక్షం చెప్తారా మేడమ్?" అని అడిగింది. ఆ రోజు ఆఫీసులో అందరూ శభాష్ అన్నారు. ఇవాళ తల్లి ముందు నిలబడి తన ఆ గొంతు తలుచుకుంటే సిగ్గేసింది.

"మీ దాంట్ల," అంది ఎల్లవ్వ. "ఎప్పుడు చూడు మీ దాంట్ల. ఈ ఇల్లు మీ దాంట్ల లేదా?"

తెర పక్కకు జరిగింది. మహేశ్ బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, ఎడమచేత్తో బంతి తిప్పే ఆ పొడుగాటి వేళ్లతో లుంగీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. పర్వత్ పాటియా గల్లీల నుంచి ఇంత దూరం వచ్చిన తెలుగు పిల్లవాడు వాడొక్కడే. రాష్ట్ర జట్టు క్యాంపుకి పేర్లు వచ్చే వారం వస్తాయి. వాడి పేరు ఉందని సెలెక్టర్లలో ఒకాయన నోరు జారాడు కూడా.

"అక్కా, సీదా మనా కర్ దే. బయటికి పోనే పోలేదని చెప్త. ఖతమ్."

"గేటు కాడ కెమెరా ఉంది."

"మాస్కు పెట్టుకున్న. టోపీ పెట్టుకున్న. ఎవడు గుర్తుపడ్తడు?"

"గుర్తుపట్టకనే ఫోను చేసిండ్రారా ఇంతమంది?"

"మరి నిజం చెప్పాల్నా? చెప్పి? క్యాంపు పాయె. దోషమంతా నా నెత్తిన పడె. జట్టుల ఆరుగురికి నేనే అంటించిన్నంటరు. బక్కయ్య కాకకు గూడ."

జట్టులో ఆటగాళ్లకు మాలిష్ చేసే బక్కయ్యది ఇదే గల్లీ. చిన్నప్పుడు మహేశ్‌ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని మైదానానికి తీసుకుపోయింది ఆయనే. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. సోమలింగం రోజూ పొద్దున జావ తీసుకుని ఆసుపత్రి గేటు దాకా వెళ్తాడు. లోపలికి పోనివ్వరు. డబ్బా ఇచ్చి, నిన్నటి ఖాళీ డబ్బా తెచ్చుకుంటాడు. ఇవాళ తెచ్చిన డబ్బాలో జావ అలాగే ఉంది. ఆ సంగతి ఆయన ఇంకా ఇంట్లో చెప్పలేదు, విజయశ్రీ మూత తీసి చూసింది కాబట్టి ఆమెకు తెలుసు.

"నేనే పిలిచిన," అంది ఎల్లవ్వ మెల్లగా. "మీ బాపు ఆగకుండ దగ్గుతుండె. నాకు బుగులైంది. మీ భూమయ్య మామ గట్లనే దగ్గి పాయె. ఆఖరికి మొహం చూపియ్యమంటే ప్లాస్టిక్ సంచి చూపిచ్చిండ్రు. నా తోడవుట్టినోణ్ని నేను చూసుకున్ననా? అందుకే, నాయన ఉండంగనే ఒక్కపారి వచ్చి మొహం చూసిపో బిడ్డా అన్న. తప్పా గది?"

తప్పని ఎవరంటారు. అప్పుడూ ఎవరూ అనలేదు. అనవలసింది తనే, విజయశ్రీ అనుకుంది. టోర్నీ మొదలయ్యే ముందే ఎడిటర్ గదిలోకి వెళ్లి, మా తమ్ముడు ఆడే జట్టు వార్తలు నాకొద్దు, వేరేవాళ్లకివ్వండి అని చెప్పిన మనిషి. ఇదీ పద్ధతంటే, నేర్చుకోండి అని ఎడిటర్ నలుగురిలో మెచ్చుకున్న మనిషి. బబుల్ అంటే, ఆటగాళ్లు హోటల్ దాటకూడదనే ఆ కట్టడి అంటే ఏమిటో, దాన్ని దాటితే ఏమవుతుందో, ఆ ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి. తల్లి ఏడుపు వినగానే ఇవేవీ గుర్తు రాలేదు. స్కూటర్ తాళాలు గుర్తొచ్చాయి.

జట్టు దిగిన హోటల్ డుమస్ రోడ్డులో ఉంది. సాయంత్రం విలేకరులు పోర్టికో దాకా వెళ్లి మర్నాటి జట్టు పేర్లు తెచ్చుకోవచ్చు. మెడలో పసుపు పట్టీతో మీడియా కార్డు ఉంటే చాలు, గార్డు థర్మామీటర్ నుదుటికి చూపించి వదిలేస్తాడు. పట్టీ రంగు చూస్తాడు కానీ మనిషిని చూడడు. అందరి మొహాలకీ మాస్కులే, చూసినా ఏం కనిపిస్తుంది. ఆ రోజు విజయశ్రీ ఒక్కతే లోపలికి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు పక్కన ఇంకో పసుపు పట్టీ ఉంది. గార్డు తలుపు కూడా తీసిపెట్టాడు.

ఇంటికి వచ్చి, తండ్రికి ఎదురుగా కూర్చుని, తల్లి వడ్డించిన కూర తిని, మహేశ్ మళ్లీ అదే పట్టీతో లోపలికి వెళ్లిపోయాడు. సోమలింగం దగ్గు ఆ వారంలోనే తగ్గింది. జట్టులో మొదలైంది.

"నా దగ్గు రాయమను," అన్నాడు సోమలింగం.

గడప మీది నుంచి వచ్చిన ఆ మాటకు ముగ్గురూ తిరిగి చూశారు.

"ఏంది?"

"నాయనకు పానం బాగలేకుంటే చూడ వచ్చిన అని చెప్పమను. నాకే ఉండె, నా నుంచే పోయింది. గట్లనే రాయమను. అబద్ధమెందుకు. బక్కయ్య ఆడ పండుకొని ఉంటే మనం ఈడ అబద్ధాలు పేర్చుకుంట కూసుందమా?"

"నువ్వూకో బాపు," అన్నాడు మహేశ్. "చూడ వచ్చిన అంటే, ఎట్ల వచ్చినవ్ అంటరు. గేటు ఎట్ల దాటినవ్ అంటరు. అప్పుడేం చెప్పాలె?"

ఆ మాట అని వాడు అక్క వైపు చూశాడు. విజయశ్రీ తల దించుకుంది.

ఎల్లవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎట్ల దాటిండు? అక్క పోయి తీస్కొచ్చె గద."

"ఊకెనే తీస్కరానిస్తరా? కార్డు ఏసుకొని వచ్చిన. మీడియా కార్డు."

"అక్కదా?"

"అక్కది అక్క మెడల ఉండె. నాది... ఊర్మిళ దీదీది."

ఎల్లవ్వ డబ్బా మీద నుంచే కూతురి వైపు తిరిగింది.

మ్యాచులు అయిపోయాక ఊర్మిళ, విజయశ్రీ ఇద్దరూ విజయశ్రీ స్కూటర్ మీదే తిరిగేవారు. ఊర్మిళ బండెక్కగానే మెడలో కార్డు తీసి, శానిటైజర్ సీసాతో పాటు డిక్కీలో పడేసేది. రేపు మళ్లీ వేసుకోవాల్సిందేగా అనేది. మగవాళ్లతో నిండిన ఆ ప్రెస్ బాక్స్‌లో ఆడవాళ్లు వాళ్లిద్దరే. ఒకరికి వినబడని మాటకు ఇంకొకరు రికార్డింగ్ పంపేవారు. ఒకరి లాప్‌టాప్ ఆగిపోతే ఇంకొకరు తన వార్త పంపాక తనది ఇచ్చేవారు. పరిచయమైన కొత్తల్లోనే మీరు అనే ఆప్ పోయి తుమ్, తుమ్ పోయి ఒసేయ్‌లంత చనువైన తూ వచ్చేశాయి.

ప్రెస్ బాక్స్‌లో చప్పట్లు కొట్టకూడదు. ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ కొట్టినవాడిని మర్నాటి నుంచి ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. మహేశ్ మొదటి మ్యాచ్‌లో నాలుగు వికెట్లు తీసిన రోజు, ఎదుటి జట్టు వార్త రాయడానికి వచ్చిన విజయశ్రీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఊర్మిళ అది చూసింది. ఏమీ అనకుండా బల్ల కింద తన పాదంతో ఆమె పాదాన్ని ఒకసారి తట్టింది. ఆ పూటకు అవే చప్పట్లు.

ఆ ఊర్మిళ కార్డు అది. కార్డు మీద ఆమె పేపరు పేరు ఇంత లావున ఉంది. కెమెరాకు మనిషి కనబడకపోయినా ఆ పేరు కనబడుతుంది.

"అంటే," అంది ఎల్లవ్వ, ఒక్కో మాటా తూచుకుంటూ, "కెమెరాల కనవడ్డది ఊర్మిళ కార్డు."

"అవును."

"మరింకేంది. గట్లనే అనుకోనియ్యి."

"ఏమని?"

"ఆ పిల్లనే పోయిందనుకోనీ. పేపరామె పోయిందంటే పోయింది, మన పోరడు హోటల్లనే ఉన్నడు. ఆమెదేం పోతది? దేశాయోళ్లు. ఉన్నోళ్లు. ఇయ్యాల ఈ పేపరు కాకుంటే రేపు ఇంకోటి. మనోనికి ఇంకో క్యాంపు దొరుకుతదా?"

విజయశ్రీకి తల్లి మీద వచ్చినంత అసహ్యం జీవితంలో ఎప్పుడూ రాలేదు. అంతకంటే అసహ్యం ఇంకొకటి ఉంది. ఆ మాట మధ్యాహ్నమే తన బుర్రలోకి వచ్చింది. "లేదు" అన్నప్పుడు వచ్చింది.

"నీ చేతి సర్వపిండి తినిపోయిన పిల్లవ్వా," అంది.

"నా కడుపున పుట్టింది కాదు గద," అంది ఎల్లవ్వ. "ఇటు చూడు. నువ్వు ఎవరి దిక్కు?"

విజయశ్రీ పక్కకు జరిగిన తెర చీరను సర్దసాగింది.

"అడుగుతున్న గద. అందరి పక్షాలు అడుగుతవు. నీది చెప్పు. నువ్వు ఎవరి దిక్కు బిడ్డా?"

డబ్బాలో ఫోను మళ్లీ మోగింది.

ఈసారి సోమలింగం లేచాడు. నెమ్మదిగా వచ్చి భార్య ముందు నిలబడ్డాడు. లే అనలేదు. చేయి పట్టుకోలేదు. ఊరికే నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అలా నిలబడడం ఎల్లవ్వ చూసి ఎరగదేమో, కాసేపు మొహంలోకి చూసి, పక్కకు తప్పుకుంది. ఆయన మూత తీసి, మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి, ఫోను తీసి కూతురికిచ్చాడు. ఫోను తెర మీద ఊర్మిళ పేరు ఉంది.

విజయశ్రీ స్పీకర్ పెట్టి, నేనే అంది. ఇల్లు ఇరుకు, ఎలాగూ అందరికీ వినబడుతుంది.

"మహేశ్ ఉన్నాడా?" అంది ఊర్మిళ. వెనకాల ఆఫీసు సందడి వినబడుతోంది. "పేజీ అడుగుతున్నారు విజ్జూ. ఇంక ఆపలేను."

"ఇస్తున్నాను," అంది విజయశ్రీ హిందీలో.

మహేశ్ ఫోను దగ్గరికి వంగాడు. గొంతు సవరించుకున్నాడు. తండ్రి వైపు చూశాడు. సోమలింగం తల ఊపాడు.

"దీదీ, నేను ఆ రోజు ఇంటికెళ్లాను. నాన్నకు ఒంట్లో బాగాలేదు. చూడాలనిపించింది. తప్పే. అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను."

కీబోర్డు చప్పుడు వినబడింది. ఊర్మిళ రాసుకుంటోంది. విజయశ్రీకి గుండెల మీద నుంచి బరువు కొంత దిగినట్టయింది. తమ్ముడు చెప్పేశాడు. ఇక ఒక్క మాటే మిగిలింది.

"ఎవరితో వెళ్లావు?"

"ఒక్కడినే."

"గేటు ఎలా దాటావు?"

మహేశ్ అక్క వైపు చూశాడు. ఆమె చెప్పరా అనలేదు, వద్దురా అనలేదు. ఎల్లవ్వ వెనక నుంచి కొడుకు చొక్కా పట్టుకుని ఉంది.

"మీడియా కార్డు ఉండింది."

"ఎవరిది?"

"తెలీదు దీదీ. పోర్టికోలో కింద పడి ఉంటే, దొరికింది. వేసుకున్నాను."

కీబోర్డు ఆగింది.

"దొరికిందా," అంది ఊర్మిళ.

"అవును."

"కింద పడి."

"అవును దీదీ."

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. విజయశ్రీకి అది తెలుసు, ఫోను అవతల ఊర్మిళకు కూడా తెలుసు. అందుకే ఊర్మిళ వెంటనే ఏమీ అడగలేదు. ఆఫీసులో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఏదో బల్ల లాగిన చప్పుడు. అంత సేపూ ఊర్మిళ ఆగింది. ఎదురు చూస్తోంది. తన పక్కన కూర్చున్న మనిషి బల్ల కింద ఒక్కసారి కాలు తట్టదా అని ఎదురు చూస్తోంది.

విజయశ్రీ మాట్లాడలేదు.

కీబోర్డు మళ్లీ మొదలైంది. ఈసారి గబగబా, ఆగకుండా.

"మహేశ్ పక్షం అయిపోయింది," అంది ఊర్మిళ. "ఫోను మీ అక్కకివ్వు."

"ఇక్కడే ఉన్నాను," అంది విజయశ్రీ.

"విజయశ్రీ జీ."

విజయశ్రీకి ఆ పిలుపు ఇంకెవరినో పిలిచినట్టు వినబడింది. విజ్జూ లేదు. తూ లేదు.

"పొద్దున నన్ను మా ఎడిటర్ గదిలోకి పిలిచారు," అంది ఊర్మిళ. "కెమెరా బొమ్మ చూపించి, నీ పక్షం ఏమిటన్నారు. నాకు ఆ రోజు కార్డు ఎక్కడుందో తెలుసు. అయినా చెప్పలేదు. ముందు ఒకరిని అడగాలి, సాయంత్రం చెప్తానన్నాను. మధ్యాహ్నం మిమ్మల్ని అడిగాను. ఇప్పుడు మీ ఎదుటే ఇంకోసారి ఆగాను. మూడోసారి స్నేహం మీద అడగను. పద్ధతి ప్రకారం అడుగుతాను. ఆ రోజు నా కార్డు మీ స్కూటర్ డిక్కీలో ఉంది. అది మీ తమ్ముడి మెడలోకి ఎలా వచ్చింది? మీ పక్షం చెప్పండి. పూర్తి పేరు, మీ పేపరు పేరు కూడా చెప్పండి, సరిగ్గా రాసుకోవాలి."

మీరు, మీ, చెప్పండి. ప్రతి మాటకూ తగిలించిన ఆ మర్యాద చెంపదెబ్బలా తగిలింది. తిట్టినా బాగుండేది. కోచ్ భార్యతో తను మాట్లాడిన గొంతు కూడా ఇంత మర్యాదగానే ఉండి ఉంటుంది.

"అనకు," అంది ఎల్లవ్వ పెదవులతోనే. "నీ నౌకరి పోతది. ఇద్దరి బతుకులు పోతయి."

మహేశ్ నేల వైపు చూస్తున్నాడు. సోమలింగానికి దగ్గు వచ్చింది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, గోడకు ఆనుకుని దగ్గాడు. ఈసారి ఎవరూ తల తిప్పి చూడలేదు.

"రాసుకోండి," అంది విజయశ్రీ.

తనూ ఆప్ అనే అంది. ఇక అంతకంటే దగ్గరగా పిలిచే హక్కు తనకు లేదు. గాలి పీల్చుకుని, పేరు చెప్పడానికి నోరు తెరిచింది.

ఎల్లవ్వ చెయ్యి వచ్చి ఆ నోరు మూసింది. కూలికి చీరలకు మెరుపు రాళ్లు అంటించి అంటించి గరుకెక్కిన అరచెయ్యి, జిగురు వాసన. విజయశ్రీ రెండు చేతులతో తల్లి మణికట్టు పట్టుకుంది. లాగింది. ఎల్లవ్వ ఏడుస్తోంది, కానీ చెయ్యి మాత్రం తియ్యడం లేదు.

"హలో," అంది ఫోనులో ఊర్మిళ. కొంచెం ఆగింది. "వినబడుతోందా? పేజీ వెళ్లిపోతోంది విజయశ్రీ జీ. సంప్రదించినా స్పందించలేదని రాసెయ్యనా?"